ఇరవై ఒక్క రోజుల గడువు

2008 నవంబరు. కోడుమూరు పక్క ఒక పల్లె, సెలవురోజు బడి వరండా. ఎదురుగా గుట్ట. దేశ వాతావరణ ప్రణాళిక కింద ఆ గుట్టమీద పెంచుతున్న కానుగ తోటను చూసి దిగివచ్చిన ఇద్దరు బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. ఒకరు స్వతంత్ర సమీక్ష కమిటీ సభ్యురాలు, వ్యవసాయ కాలేజీ పంతులమ్మ కృపారాణి. రెండోవారు ఆ కమిటీ పనులు చూసే అధికారి రాఘవేంద్రప్రసాద్.

"ఇరవై ఒక్క రోజులు మేడం. దానిమీద ఒక్క పూట కూడా లేదు."

"ఆ సంగతి చెట్లకు చెప్పినారా ప్రసాద్ గారూ?"

"ఎగతాళి వద్దు మేడం. డిసెంబరు పదో తేదీకి సమీక్ష ఢిల్లీలో ఉండాలి. ఈ గడువు నాకు సమ్మతమేనని సభ్యులు ముగ్గురూ రాసివ్వాలి. ఇద్దరు ఇచ్చేశారు. మీ సంతకం ఒక్కటే మిగిలింది."

"ఆ ఇద్దరూ గుట్ట ఎక్కినారా?"

"వచ్చారు."

"ఎక్కినారా అని అడిగినా."

"జీపులోంచి చూశారు. ఒకాయనకు మోకాళ్ళ నొప్పులు. మనం ఎక్కాం కదా మేడం! పొద్దున మీరే లెక్కపెట్టారు. నూరు గుంతలకు ఎన్ని మొక్కలు బతికున్నాయి?"

"ఎనభై ఏడు."

"ఎనభై ఏడు. అది నా లెక్క కాదు, మీ నోటి లెక్క. ఇంకేం కావాలి?"

"ఎండాకాలం కావాల."

"ఏమిటీ?"

"ఎండాకాలం సార్. వానలు ఆగి నెల కాలేదు. ఇప్పుడు ఈ నేలలో చీపురుపుల్ల గుచ్చినా రెండాకులు వేస్తాది. తోట బతికిందా లేదా అని నవంబరులో అడిగితే ఏం చెప్పల్ల? పెండ్లి పందిట్లో కూచ్చోని కాపురం ఎట్లుండాదని అడిగినట్టు!"

"రెండేళ్ళ మొక్కలు మేడం అవి. రెండు ఎండాకాలాలు చూసేసినవే."

"అదే నాకు అర్థం కాలేదు. రెండేండ్ల మొక్క ఒక్కటీ నా మోకాలు దాటలేదు."

"మెట్ట నేల. ఎదుగుదల తక్కువ."

"పాదుల్లో మన్ను మెత్తగా ఉండాది."

"కలుపు తీయించి ఉంటారు."

"కొసలన్నీ ఒక్క ఎత్తున ఉండాయి."

"గొర్రెలు కొరికుంటాయి."

"కానుగాకు గొర్రె ముట్టదు సార్. మీరు పుట్టింది వేంపల్లెలో గదా, ఆమాత్రం తెలీదా?"

"మాది అంగడి మేడం. మా నాయన బెల్లమూ బ్యాళ్ళూ అమ్మినాడు గానీ గొర్రెలు కాయలేదు. సంతకం చేయండి. సాయంత్రం నాలుగు కొట్టేలోపల కోడుమూరు పోయి ఫ్యాక్స్ కొట్టాలి."

"కొట్టకపోతే?"

"ఈ కవరు చూడండి. మీ స్థానంలో ఇంకొకర్ని వేస్తున్నట్టు ఉత్తరం. పేరు రాసేచోట ఖాళీ పెట్టి పంపారు. మీరు కాదంటే ఫోనులో ఒక పేరు చెప్తారు, నేను రాయాలి. అంతే. ఆ వచ్చే మనిషి గుట్ట సంగతి అటుంచండి, కర్నూలు దాటి ఇటు రాడు."

"దీన్నేమో స్వతంత్ర సమీక్ష అంటాండారు. తేదీ మీరే వేసి తీర్పు మాత్రం నన్ను చెప్పమంటే, నాకు స్వతంత్రం యాడుండాది?"

"మీకు కానుగ అంటేనే పడదేమో అనుకుంటారు వాళ్ళు."

"పడకేం? కానుగ నూనె డీజిల్లో కలిపితే పొగ తగ్గుతాది, మంచిదే. నేనే పిల్లోల్లకు పాఠం చెప్తా. కానీ బతికిన చెట్టుకు గదా కాయ కాసేది. జనవరిలో ఏం చేస్తాండారు, అది చెప్పండి."

"రెండో విడత. ఈ సమీక్ష బాగా వస్తేనే."

"ఎన్నెకరాలు?"

"జిల్లా మొత్తానికి ఎనిమిది వేలు. అంతా బీడే."

"మీ కాగితంలో బీడు. ఈ గుట్ట కిందుండే ముప్పై ఎకరాలు గవర్నమెంటు పట్టాలిచ్చిన భూమి, చర్చి ఎనకాల ఇండ్లోల్లది. వానల్లేక రెండేండ్లు విత్తలేదు. అంతమాత్రానికే బీడైపోయిందా? ఒకసారి కంచె పడితే మళ్ళా మడక కట్టి దున్నల్లంటే వాల్లు ఎవుర్ని అడగల్ల?"

"ఆ మాటే నివేదికలో రాయండి. ఎవరొద్దన్నారు?"

"ఇరవై ఒక్క రోజుల్లోనా? ఆ పట్టాలు చూపియ్యమని తాసిల్దారాఫీసు చుట్టూ తిరిగేదానికే నెల పడతాది."

"సరే. మీకెంత కావాలో చెప్పండి. టైము చాలదు, టైము చాలదు... అందరూ ఇదే మాట. ఎంతైతే చాలుతుందో ఒక్కరూ చెప్పరు."

"రెండు ఎండాకాలాలు."

"రెండా! మేడం, నా కథ ఒకటి చెప్తా, వింటారా?"

"చెప్పండి."

"పదేళ్ళ కిందట ఇలాంటి సమీక్షలోనే నేను గుమాస్తాను. మా పక్క ఒక వంకకు కట్టలు కట్టారు, అవి గట్టివా కావా తేల్చాలి. పెద్దపెద్దవాళ్ళు ముగ్గురు. ఒక వాన చూడాలన్నారు. చూశారు. ఇంకొక వాన చూడాలన్నారు. శాస్త్రంగా, పద్ధతిగా మూడేండ్లు రాసినారు మేడం! మూడో ఏడు కట్ట తెగింది. కింద చేన్లో నీళ్ళకు మడవ కట్టుకుంటాన్న మనిషి కొట్టుకుపోయినాడు. గిడ్డయ్య అని, మా అంగడికి వచ్చేటోడు. కట్ట గట్టిది కాదని నివేదికలో నలభయ్యో పేజీలో రాసిపెట్టినారు. అది అచ్చయ్యేలోపల ఆయప్ప దినాలు గూడా అయిపోయినాయి."

"ఈ సంగతి మీరెప్పుడూ చెప్పలేదు."

"ఎవరికి చెప్పాలి? అప్పటినుంచీ నాది ఒకటే లెక్క. ఆలస్యంగా వచ్చే నిండు నిజం కంటే టైముకొచ్చే సగం నిజం మేలు."

"మరి టైముకొచ్చే అబద్ధమో? అడుగుతాండా సార్. అబద్ధం టైముకొస్తే ఏం జేస్తారు?"

"మీరు ఎనభై ఏడు లెక్కపెట్టారు. దాన్ని అబద్ధమని ఎందుకంటున్నారు?"

"పాపా! మజ్జిగ తెచ్చినా. మిట్టమధ్యాన్నం దాంక గుట్టమిందనే ఉండిరంట గదా, నాలిక ఎండిపోయుంటాది."

"దా పెద్దమ్మా, దా. ప్రసాద్ గారూ, ఈమె ఓబులమ్మ. తోటకు కావలుండే శామ్ వాళ్ళమ్మ. మా నాయన ఈ ఊరి చర్చికి పాస్టరుగా ఉన్నప్పుడు మేము ఈమింట్లోనే సద్ది తాగి బడికి పోతాంటిమి."

"తెలుసు."

"తెలుసా? ఎట్ల?"

"అంటే... కావలి మనిషి తల్లి అని. ఎవరో అన్నారు."

"సారుకు గూడా పొయ్యి పెద్దమ్మా మజ్జిగ. అట్ల మొగం తిప్పుకుంటావేం? నిన్నొకటి అడగల్ల. పోయిన ఎండాకాలం ఈ గుట్టమీద మొక్కలు ఎట్లుండె?"

"నాకేం తెలుసు పాపా. నేనేమన్నా సదువుకున్నదాన్నా?"

"దానికి సదువెందుకు? దినామూ చూస్తాంటివి గదా."

"చూస్తాంటి. ఉండె. మొక్కలు మొక్కల మాదిరే ఉండె. తాగు, సల్లగుండాది."

"శామ్ యాడ? పొద్దున్నుంచి కనపడల్యా."

"కోడుమూరు పోయినాడు."

"మేమొస్తామని తెలిసీ?"

"పనుండె పోయినాడు. పాపా, సారేందో సంతకం అడుగుతాండాడంట గదా. పెట్టు."

"ఏందీ?"

"పెట్టేసి పో తల్లీ. నీకెందుకు ఇదంతా? సారు గూడా దూరం పోవల్ల."

"నువ్వేనా ఈ మాటంటాండేది? ఈ గుట్టమీద నీకు నలభై గొర్రెలు మేస్తాండె."

"అమ్మినా."

"ఎప్పుడు?"

"కంచె ఏసిన్నాడే. యాడ మేపల్ల ఇంగ?"

"మరి కింద చేన్లకూ కంచె ఏస్తే? అందులో మీది గూడా రెండెకరాలుండాది గదా."

"ఏస్తే ఏసినారు. శాముకు జీతమొస్తాది. రెండో తోటకూ వాణ్ణే పెడతామన్న్యారు."

"ఎవురన్న్యారు?"

"...ఇంగ రవ్వంత పొయ్యల్లా మజ్జిగ?"

"విన్నారు కదా మేడం. ఊరివాళ్ళకే అభ్యంతరం లేదు. మూడు ఇరవై అయింది. ఇక్కడ, ఈ గీత మీద."

"పెన్ను ఇయ్యండి."

"థాంక్స్ మేడం. నాకు తెలుసు, మీరు..."

"సంతకానికి కాదు. ఒప్పుకోనని రాసేదానికి. ఎందుకు ఒప్పుకోనో గూడా రాస్తా. మొక్కల ఎత్తు, మెత్తటి మన్ను, కొరకని గొర్రెలు కొరికిన కొసలు. నన్ను తీసేసినా ఈ కాగితం ఫైల్లో ఉంటాది గదా. పెద్దమ్మా, ముందే చెప్తాండా. తోటలో తేడా ఉండాదని రాస్తే మొట్టమొదట పిలిపిచ్చేది కావలి మనిషినే. రూలు అట్లుండాది."

"శామునా? వాణ్ణెందుకు? వాడేం జేసినాడు?"

"నువ్వే చెప్పల్ల."

"వాడేం జేయలేదు పాపా! వాడు వద్దన్న్యాడు. వాడు వద్దంటాంటే నేనే..."

"నువ్వే? పెద్దమ్మా, ఇట్ల చూడు. నన్ను చూడు. ఆయన్ను చూడొద్దు."

"మొన్న బేస్తవారం. పొద్దు పొడిసీ పొడవకముందే ట్రాక్టరొచ్చినాది. రెండు ట్రిప్పులు. అంతా కానగ మొక్కలే, నల్ల కవర్లల్లో. ఆడోల్లం ఇరవైమందిమి ఎక్కినాం. పాతయి పెరికినాం, కొత్తయి పెట్టినాం. పెరికేదేముండాది, పుల్లలే గదా. చెయ్యేస్తే ఊడొస్తాండె."

"శామ్?"

"మా మాదిరి కూలి తీసుకోల్యా వాడు. గేటు కాడ కొట్లాడినాడు. కూటికి ఆశపడి దొంగపని చేస్తాండావని నన్ను అందరి ముందరా అనేసినాడు. ఆపొద్దునుంచి నాతో మాటల్లేవు. యాడికి పోయినాడో గూడా నిజంగా నాకు తెలీదు పాపా. కోడుమూరని నేనే అంటాండా."

"ఏడవద్దు. ఏడవద్దు పెద్దమ్మా. పాతయి ఎన్ని బతికుండె?"

"నూటికి పదుంటే ఎక్కువ. అదీ వంక పక్కనుండేటివి. మొదటేడే సగం పోయినాయి. కడమవి పోయిన మాఘమాసానికి."

"మాఘానికా? ఎండలు ముదరకముందేనా?"

"ఆ బండలమింద ఎండలే రావల్లనా? వాన నిల్చినాక మూడు నెల్లు. అంతే. మాఘం దాటినేది బతుకుతాది, దాటంది సస్తాది. గొర్రెలు కాసేటోల్లకు ఎవురికైనా తెలుసు."

"చూడండి ప్రసాద్ గారూ. నేను రెండు ఎండాకాలాలన్నా. మీరు ఇరవై ఒక్క రోజులన్నారు. ఇద్దరమూ తప్పే. ఈమెనడిగుంటే పొద్దున్నే తేలిపోతాండె. రాసుకుంటాండారా?"

"రాసుకుంటున్నాను."

"మార్చి పదిహేను లోపల లెక్క. ఏప్రిల్ పదికి నివేదిక. గడువు అందరికీ చెప్పండి, పేపర్లో వేసుకోండి. మేము తోటకు ఏ రోజు వస్తామో మాత్రం ఎవరికీ చెప్పగూడదు. మీకు గూడా. వచ్చే రోజు పదిరోజుల ముందు ఉత్తరం రాసి చెప్తే ట్రాక్టరు రాకుండా ఉంటాదా?"

"పాపా."

"చెప్పు పెద్దమ్మా."

"మార్చి అంటాండావు. సంక్రాంతి దాటంగానే కంచె రాళ్ళు తోల్తారంట గదా. నా చేన్లో రాళ్ళు పాతేసినాక మార్చిలో నీ నిజం వస్తే, దాన్ని నేనేం జేసుకోను?"

"...అది నిజమే."

"అది ముందర రాయి. లెక్క తేలేదంక కొత్త కంచె ఎయ్యగూడదని. తక్కినేది దానికింద రాసుకో."

"రాస్తాండా. చూడు, మొదటి లైన్లోనే. ప్రసాద్ గారూ, ఇది నా సంతకం. మీ ఇరవై ఒక్క రోజుల కాగితం బదులు ఇది ఫ్యాక్స్ చేయండి."

"కంచె ఆపడం నా చేతిలో లేదు మేడం."

"పంపడం మీ చేతిలోనే ఉండాది గదా. కొట్టేస్తే వాల్లు కొట్టేసుకోని. మూడేండ్లు కాదు, నాలుగు నెలలు అడుగుతాండా. మీ గిడ్డయ్యకు జరిగింది ఇంగొకరికి జరగకుండా ఉండల్లంటే ఎంత తొందర కావాలనో అంత తొందర. అంతకు ముందు అయితే మాత్రం అబద్ధమే చేతికొస్తాది."

"గిడ్డయ్య పేరు మీరు ఎత్తొద్దు."

"ఎత్తింది మీరు. ఇంగొక్క మాట పెద్దమ్మా. ఆ ట్రాక్టరు పంపిందెవురు?"

"అది అడగొద్దు."

"అడగకపోతే శామ్ మీదికే వస్తాది."

"అడగొద్దు పాపా, నీకు దండం పెడతా. చెడ్డోడు కాదు. పైనెవురో చెప్పినారంట. ఇష్టంతో చేసే మనిషి మొగం అట్లుండదు. నాకు తెలుసు."

"అంటే నువ్వు చూసినావు. చూసి పేరు దాస్తాండావు. ప్రసాద్ గారూ, మీరన్నా చెప్పండి ఈమెకు, పేరు చెప్తే ఏమీ కాదని."

"ఫోను మోగుతోంది మేడం. మా పై అధికారే. హైదరాబాదు నుంచి."

"మాట్లాడండి. ఈడనే మాట్లాడండి, నా ముందరే."

"నమస్తే సార్... ఊళ్ళోనే ఉన్నాను సార్... లేదు, ఇంకా ఫ్యాక్స్ చేయలేదు... మేడం ఒప్పుకోలేదు సార్. వేరే గడువు రాసిచ్చారు. మార్చి పదిహేను... నేనూ చెప్పాను సార్, డిసెంబరు అని... సార్, ఒక్క నిమిషం వినండి. మొక్కలు మార్చిన సంగతి తెలిసిపోయింది... మేడంకే... ఊళ్ళో ఒకామె చెప్పింది సార్. ఎవరూ బెదిరించలేదు, తనే చెప్పింది."

"ఏమంటాండాడు?"

"ఉండండి మేడం... సార్? సరిగ్గా వినపడలేదు... కావలి మనిషి మీద రాయాలా?... మొక్కలు చస్తే ఉద్యోగం పోతుందని భయపడి తనే మార్చాడని... పేరు శామ్ సార్... పనిలోంచి తీసేసి, పోలీసుస్టేషన్లో..."

"అయ్యో సారూ! నీ కాల్లు పట్టుకుంటా సారూ! వానికేం తెలీదు, నీకు తెలుసు గదా వానికేం తెలీదని!"

"లెయ్ పెద్దమ్మా. లెయ్ అంటాండా గదా. ప్రసాద్ గారూ, ఫోను ఇట్లియ్యండి."

"వద్దు మేడం. నేనే మాట్లాడతా."

"మాట్లాడరు మీరు! ఇందాకట్నుంచి సార్ సార్ అంటాండారే గానీ..."

"వద్దంటాండా గదమ్మా!... ఆఁ సార్, ఉన్నాను. మేడంతో అంటున్నా... కొత్త సభ్యుడి పేరు చెప్తారా?... కవరు నా దగ్గరే ఉంది సార్... పెన్ను ఉంది... లేదు సార్. రాసుకోను... వినపడింది సార్. వినపడే చెప్తాండా, రాసుకోను... ఆ కావలి పిల్లోడు ఏ తప్పూ చేయలేదు. తోటలోకి పోనీకుండా ట్రాక్టరు చక్రాలకు అడ్డం పండుకున్న్యాడు సార్ వాడు. నలుగురు పట్టి లాగితే గానీ లెయ్యలేదు... నాకెట్ల తెలుసా? మీరే గదా సార్ చెప్పినారు, ఎవుర్నీ నమ్మొద్దు, నువ్వే దగ్గరుండి నాటించి రమ్మని? ఆపొద్దు ఆ ట్రాక్టరు మింద డ్రైవరు పక్కన కూచ్చోనుండేది నేనే గదా సార్."